ఐదో జేబు

పరదా విప్పి సమావేశం బల్ల మీద పరవగానే టీ కప్పులు పట్టుకున్న చేతులన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. ముదురు నీలం గుడ్డ. బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి సరిగ్గా సరిపోయింది. దాని మీద వరసగా జేబులు, ఒక్కో జేబు ఒక్కో రంగు, అంచులకి దట్టంగా రెండు వరసల కుట్టు.

"మా అత్తగారు కుట్టారు," అంది ప్రశ్నలమ్మ గర్వంగా. "పిల్లలు పట్టుకుని వేలాడినా ఊడదట. అనుమానం ఉంటే మీ నిచ్చెనని వేలాడి చూడమన్నారు."

నిచ్చెన అంటే బల్లకి ఆ చివర కూర్చున్న కుర్ర శాస్త్రవేత్త. కూర్చున్నా మిగతావాళ్లు నిలబడినంత ఎత్తుంటాడు. తన మీద వేసిన జోకుకి అందరికంటే ముందు తనే నవ్వే మనిషి కాబట్టి ఆ పేరు అతనికి అంటుకుపోయింది. ప్రశ్నలమ్మకి కూడా అంతే. ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఆ సంస్థలో ఎవరికీ గుర్తులేదు. నేల కింద గుండ్రటి సొరంగంలో కణాలని తిప్పి తిప్పి ఎదురెదురుగా గుద్దించే పనికి అక్కడ వందలమంది ఉన్నారు. అలా ఎందుకు గుద్దిస్తున్నారో బయటి జనానికి చెప్పే పని మాత్రం ఆవిడ ఒక్కదానిదే. బడిపిల్లలకి ఆటలు కట్టాలి, పెద్దవాళ్లకి ఉపన్యాసాలు పెట్టించాలి, ఉపన్యాసం ఇచ్చేవాళ్లు అర్థంకాని మాట వాడినప్పుడల్లా మొదటి వరసలోంచి చెయ్యెత్తి "అంటే ఏమిటండీ?" అని అడగాలి. ఆ చెయ్యి వల్లే ఆ పేరు.

ఏడాదికి ఒక శనివారం ఆ సంస్థ తలుపులు అందరికీ తెరుస్తారు. ఈసారి ఆ రోజుకి ప్రశ్నలమ్మ కట్టిన ఆట ఈ పరదా. గుద్దుకున్న కణాల ఫొటోలు కార్డుల మీద అచ్చువేయించింది. వచ్చినవాళ్లు ఒక్కో కార్డు చూసి, అందులో ఉన్నదేమిటో పోల్చుకుని, సరైన జేబులో వెయ్యాలి.

సంస్థ పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, పరదా మీద వేలితో లెక్కపెట్టాడు. సొరంగం పొడుగునా ఉన్న అయస్కాంతాలన్నీ ఆయన చేతుల మీదుగా కూర్చినవే. కణం ఎక్కడ వంగాలన్నా ఆయన అయస్కాంతం చెప్పినట్టు వంగాల్సిందే. మనుషులు కూడా అలాగే వంగుతారని ఆయనకి కాస్త నమ్మకం.

"ఒక ఎలక్ట్రాన్, రెండు ఎలక్ట్రాన్లు. ఒక మ్యూయాన్, రెండు మ్యూయాన్లు. నాలుగే కదా ఉండాలి? ఈ పసుపుది ఎందుకు?"

"తెలియనివాటికి సార్."

"ఏం తెలియనివాటికి?"

"ఏమిటో తెలియనివాటికి. చూశాక 'ఇది నాకు తెలియదు' అనిపిస్తే ఇందులో వేస్తారు."

పెద్దాయన కళ్లజోడు మళ్లీ ముక్కు మీదకి దింపాడు. అది మంచి సూచన కాదని బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలుసు.

"అమ్మా, ఈ యంత్రం కట్టడంలో నా జుట్టంతా ఆ సొరంగంలోనే రాలిపోయింది. ఇంతా చేసి జనాన్ని పిలిచి, మాకు తెలియదు అని జేబు కుట్టించి మరీ చూపిస్తామా?"

"తెలియకపోబట్టే కదా సార్ యంత్రం కట్టింది."

"అది మనలో మనం అనుకునే మాట. గుమ్మం అవతల అనే మాట కాదు." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ తలుపులు తెరిచే రోజు వచ్చే ఏడు నుంచి ఉండాలా వద్దా అని పైవాళ్లు అడుగుతున్నారు. శనివారం చూసి నేను చెప్పాలి. జనం నోరు తెరుచుకుని చూసేలా ఉండాలి. నాలుగు జేబులు, గడియారం, విజిల్, గెలిచిన జట్టుకి బహుమతి. పోటీ లేకపోతే పిల్లలకి హుషారెక్కడిది?"

ఆ మాటతో ప్రశ్నలమ్మ నోరు మూతపడింది. ఆ శనివారం కోసమే ఆవిడ ఏడాదంతా బతుకుతుంది. పసుపు జేబు కోసం పట్టుబడితే అసలు పరదాయే ఎగిరిపోయేలా ఉంది. పర్సులోంచి పిన్నీసులు తీసి, పసుపు జేబు మూతి దగ్గరకి లాగి, అందరి ముందూ పెట్టేసింది.

ఇంటికెళ్లి చెబితే అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తూ ఆగిపోయింది. మొదట ఆ కార్డులు వేసి చూసింది ఆవిడ మీదే. ఏ ఆటైనా ముందు అత్తగారు ఆడాలి, ఆవిడకి ఆవలింత వస్తే ఆట మార్చాలి. అది ఆ ఇంటి పద్ధతి. భోజనాల బల్ల మీద కార్డులు పేర్చుకుంటూ సగం కార్డులు పక్కకి నెట్టేసి, "ఇవేమిటో నాకు తెలియడం లేదే అమ్మాయ్, తెలియనివి ఎక్కడ పెట్టాలి?" అని అడిగింది ఆవిడే. పసుపు జేబు పుట్టింది ఆ ప్రశ్నలోంచి.

"అయితే నేను కుట్టిన జేబు నోరు నొక్కేశాడన్నమాట మీ పెద్దాయన," అంది అత్తగారు. "శనివారం నేనూ వస్తాను. ఆయన్నోసారి చూడాలి."

గురువారం నాడు దగ్గరలో ఉన్న బడి నుంచి ఒక తరగతిని పిలిపించారు. శనివారానికి ముందు ఒకసారి ఆడి చూసుకోవాలి కదా. పెద్ద హాల్లో గోడకి పరదా కట్టారు. ప్రశ్నలమ్మ ఒక కార్డు పైకెత్తి పట్టుకుంది.

"ఇదిగో, ఉల్లిపాయని అడ్డంగా కోస్తే ఎలా ఉంటుంది? వలయాలు వలయాలుగా. మన ఫొటో యంత్రం అలాంటిదే. మధ్యలో ఈ చుక్క ఉంది చూశారా, కణాలు గుద్దుకునేది అక్కడ. గుద్దుకున్నాక అందులోంచి కొత్త కణాలు పుట్టి బయటికి పరిగెడతాయి. ఈ జేబులు అలా అక్కడ పుట్టినవాటికే. ఎలక్ట్రాన్ ఉందే, అది వరండాలోనే కూలబడిపోయే చుట్టం. ఈ రెండో వలయం దాటదు. మ్యూయాన్ దానికి బరువైన అన్నలాంటిది, కానీ తీరు అలా కాదు. అన్ని గదులూ దాటి, ఎవరికీ చెప్పకుండా పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోతుంది."

పిల్లలు నవ్వారు. పెద్దాయన విజిల్ ఊదాడు. హాలంతా ఒక్కసారిగా చెప్పుల చప్పుడు. కార్డు లాగడం, ఒక చూపు చూడడం, పరదా దగ్గరకి పరిగెత్తడం, జేబులో కుక్కడం. గోల ఆకాశాన్నంటింది. పెద్దాయన మొహం వెలిగిపోయింది. ప్రశ్నలమ్మకి కూడా నిజంగానే ముచ్చటేసింది.

ఒక జట్టు మాత్రం కదలడం లేదు. ఆ జట్టులో కళ్లజోడుకి తాడు కట్టుకున్న పిల్ల ఒకతి కార్డుని అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తోంది. కంపాసు పెట్టెలోంచి స్కేలు తీసి కార్డు మీద పెట్టింది. జట్టులో మిగతా పిల్లలు "వెయ్యవే, వెయ్యి!" అని గింజుకుంటున్నారు.

పెద్దాయన దగ్గరకి వెళ్లి తొంగి చూశాడు. "ఏమ్మా, ఏమిటది?"

"తెలియదు సార్."

"చూడు, పై నుంచి కింద దాకా గీత ఉంది. అన్ని వలయాలూ దాటింది. రెండు మ్యూయాన్లు. జవాబుల కాగితంలో కూడా అదే ఉంది."

ఆ పిల్ల ఇంకోసారి చూసింది. "కాదేమో సార్. ఏమిటో తెలియదు."

"తెలియదు అని చెప్పడానికి ఇంత దూరం బస్సెక్కి రావాలా తల్లీ? ఇంట్లో కూచునే చెప్పొచ్చుగా!"

ఆయన అన్నది సరదాకే. హాలంతా గొల్లుమంది. ప్రశ్నలమ్మ మొహం మీదకి కూడా అలవాటు కొద్దీ సగం నవ్వు వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల తలెత్తి, అందరినీ వదిలేసి, ఆవిడ వైపే చూసింది. ఆవిడ సగం నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది.

విజిల్ మోగింది. ఆ జట్టు ఆఖరుకి మిగిలిపోయింది. బస్సెక్కేటప్పుడు టీచరమ్మ ప్రశ్నలమ్మతో, పక్కనే ఆ పిల్ల ఉందని కూడా చూసుకోకుండా, "శనివారం పోటీకి చురుకైనవాళ్లని ఏరి తెస్తానండీ. ఇలా నాన్చేవాళ్లుంటే బడి పరువు పోతుంది," అంది.

హాలు సర్దుతూ కార్డులు లెక్కపెడితే ఒకటి తక్కువొచ్చింది. కార్డుల మీద నంబర్లున్నాయి. పోయింది ఏదో చూడగానే ప్రశ్నలమ్మకి అర్థమైంది, అది ఆ పిల్ల చేతిలో ఉన్న కార్డు. మర్నాడు బడికి ఫోన్ చేసి ఆ అమ్మాయి ఇల్లెక్కడ అని అడిగింది. టీచరమ్మ గొంతు వెంటనే మారిపోయింది.

"ఏం, ఏదైనా ఎత్తుకొచ్చిందా?"

"అబ్బే, అదేం లేదు," అంది ప్రశ్నలమ్మ, తడుముకోకుండా. "నేనే ఒక కార్డిచ్చాను. దాని గురించి మాట్లాడాలి."

అబద్ధం అంత నున్నగా వచ్చినందుకు ఆవిడకే ఆశ్చర్యమేసింది.

బడి అయ్యాక ఆ పిల్ల తండ్రి కొట్లో ఉంటుందట. బస్టాండు వెనక సందులో తాళాలు బాగుచేసే కొట్టు. నలుగురు నిలబడితే ఐదో మనిషి రోడ్డు మీద ఉండాల్సినంత కొట్టు. గోడలనిండా తాళంచెవులే. తండ్రి కొత్త తాళంచెవిని ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఇత్తడి పొడి అతని వేళ్ల మీద మెరుస్తోంది. లోపల స్టూలు మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్న పిల్ల ప్రశ్నలమ్మని చూడగానే పాలిపోయింది.

"నాన్నా, నేను దొంగతనం చెయ్యలేదు," అంది, ఎవరూ ఏమీ అనకముందే.

తాళాలాయన ఆకురాయి కింద పెట్టేశాడు. ఒకసారి కూతురి వైపు, ఒకసారి ఆవిడ వైపు చూశాడు. "ఏమైందండీ? మా పిల్ల అలాంటిది కాదు."

"అయ్యో, ఏమీ కాలేదండీ. నాకు కూర్చోడానికి ఏదైనా ఉంటే వెయ్యండి. కార్డు ఉందా అమ్మా నీ దగ్గర?"

పిల్ల గోడ వైపు చూపించింది. అక్కడ ఒక మూల, మిగతా తాళంచెవులకి దూరంగా, ఒక మేకు. మేకుకి నానా రకాల తాళంచెవులు గుత్తిగా వేలాడుతున్నాయి. వాటి మధ్య క్లిప్పు పెట్టి తగిలించిన కార్డు.

"జేబుల్లో ఎక్కడ వెయ్యాలో తెలియలేదు మేడం. తప్పు జేబులో వెయ్యబుద్ధి కాలేదు. అందుకని నా గౌను జేబులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చాక ఇక్కడ తగిలించాను."

"ఈ మేకు ఏమిటి?"

తండ్రి నవ్వాడు, కాస్త సిగ్గుగా. "ఏ తాళానివో తెలియని చెవులండీ. రోడ్డు మీద దొరికాయని ఇచ్చేవాళ్లుంటారు, మర్చిపోయి వెళ్లేవాళ్లుంటారు. పారెయ్యను. ఎప్పుడో ఒకప్పుడు దాని తాళం రాకపోతుందా అని అలా తగిలిస్తాను. ఒక్కోటి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మా ఆవిడ తిడుతూనే ఉంటుంది."

ప్రశ్నలమ్మ కార్డు చేతిలోకి తీసుకుంది. పిల్ల స్టూలు దిగి పక్కకొచ్చి, స్కేలు తెచ్చి, గీత మీద ఆనించి పెట్టింది. స్కేలుని వేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది.

"రెండు మ్యూయాన్లు అయితే రెండూ మధ్య చుక్కలోంచి పుట్టి, ఒకటి పైకి, ఒకటి కిందకి పోవాలి కదా మేడం. ఇది చూడండి, చుక్కని తాకనే లేదు. పక్కనించి పోయింది. పుట్టనే లేదు అక్కడ. రెండు కాదు, ఒకటే గీత. పైన మొదలై కిందకి దిగిపోయింది."

"అయితే ఏమిటంటావు?"

"అదే తెలియదు," అంది పిల్ల. ఈసారి ఆ మాట అన్నప్పుడు దాని కళ్లు మెరిశాయి, వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ వాలిపోయాయి. "నాకు సైన్సు ఎక్కదు మేడం. టీచరు కూడా అన్నారు. శనివారం నేను రావడం లేదు."

ప్రశ్నలమ్మ కార్డు వైపు మళ్లీ చూసింది. ఇన్నేళ్లుగా ఎన్నో జట్లు ఆడిన ఆటల్లో, దేన్నైనా ఇంతసేపు చూసిన పిల్లని ఆవిడ చూడలేదు. ఈ పిల్లని చూసి తను నవ్వింది.

"నువ్వు పోటీకి రావక్కర్లేదు. శనివారం తలుపులు ఊళ్లో అందరికీ తెరిచే ఉంటాయి. మీ నాన్నగారితో రా. ఈ కార్డు నువ్వే తెచ్చివ్వాలి. అంతదాకా ఆ మేకుకే ఉండనీ." ఫోనుతో కార్డుకి ఒక ఫొటో తీసుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "నిన్న నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది," అంది. పిల్ల స్కేలు తీసి కంపాసు పెట్టెలో పెట్టుకుంది. తాళాలాయన మాత్రం ఆకురాయి మళ్లీ చేతిలోకి తీసుకుంటూ, "తీసుకొస్తానండీ," అన్నాడు.

నిచ్చెన తన గదిలో కంప్యూటరు ముందు వంగి, ఫొటోలో ఉన్న నంబరు కొట్టాడు. తెర మీద ఏదో వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే. కుర్చీలోంచి మెల్లగా జారి నేల మీద చతికిలబడ్డాడు, నిచ్చెన మడతపెట్టినట్టు.

"చంపేశానండీ. మీ కార్డుల కోసం బొమ్మలు దింపేటప్పుడు తేదీ తప్పు కొట్టాను. ఆ రోజు యంత్రం నడవలేదు. పెద్దాయన అయస్కాంతాలు బాగుచేస్తున్నారని ఆపేశాం. ఫొటో యంత్రం మాత్రం తెరిచే ఉంది."

"యంత్రం నడవకపోతే గీత ఎక్కడిది?"

"ఆకాశంలోంచి! పైనుంచి కణాలు ఎప్పుడూ వాన తుంపరలా రాలుతూనే ఉంటాయి కదా, వాటిలో ఒకటి నేలని తొలుచుకుని మన సొరంగం దాకా దిగింది. ఉన్నది ఒక్క మ్యూయానే. కంప్యూటరు దాన్ని మధ్యకి రెండు ముక్కలు చేసి రెండు అని లెక్క రాసేసింది. మేమంతా మొదట్లో పడే గోతిలో ఇదొకటి. మా గురువుగారు కూడా పడ్డారు." అతను నెత్తి బాదుకుంటూనే నవ్వడం మొదలుపెట్టాడు. "ఆ పిల్ల స్కేలు పెట్టి పట్టేసిందా? నేను రోజూ చూసే బొమ్మ! ఆ తేదీవి ఇంకా నాలుగైదు కార్డులున్నాయి."

ఇద్దరూ కలిసి పెద్దాయన దగ్గరకి వెళ్లారు. ఆయన అద్దం ముందు నిలబడి శనివారం ఉపన్యాసం చూసుకుంటున్నాడు. విషయం విని కుర్చీలో కూలబడ్డాడు.

"తీసెయ్యండి. ఆ కార్డులన్నీ ఏరి తీసెయ్యండి. ఎవరికీ తెలియకముందే."

"ఒకరికి తెలుసు సార్," అంది ప్రశ్నలమ్మ.

"ఎవరికి?"

"మీరు బస్సెక్కి రావాలా అన్నారే, ఆ అమ్మాయికి."

పెద్దాయన బట్టతల తడుముకున్నాడు. "నేను సరదాకి అన్నాను."

"నేనూ సరదాకే నవ్వాను సార్. రేపు ఆ కార్డులు ఉంచి, పసుపు జేబు తెరిచి, జరిగింది జరిగినట్టు చెబుదాం."

"తప్పు జవాబులు పెట్టుకుని పిల్లలకి విజిల్ ఊదామని చెబుతామా? పైవాళ్లకి నేనేం రాయాలి?" ఆయన లేచి కిటికీ దగ్గరకి వెళ్లాడు. "పిన్నీసులు మాత్రం తియ్యకండి."

ప్రశ్నలమ్మ సరేననలేదు. కాదనీ అనలేదు. ఆ రెంటికీ మధ్య ఉన్న తలుపులోంచి బయటికొచ్చింది.

శనివారం పొద్దుటికే గేటు దగ్గర జనం బారులు తీరారు. చంకలో పిల్లలున్నవాళ్లు, చేతికర్రలవాళ్లు, కొత్త బట్టలు వేసుకొచ్చినవాళ్లు, ఎందుకొచ్చారో తెలియక పక్కవాళ్లతో పాటు నడిచొచ్చినవాళ్లు. సొరంగం చూసి "ఇంతేనా?" అన్నవాళ్లకీ, "ఇంతా!" అన్నవాళ్లకీ ప్రశ్నలమ్మ సమానంగా నవ్వుతూ సమాధానాలు చెప్పింది. మెడ మాత్రం గుమ్మం వైపే తిరిగి ఉంది. తాళాలాయన రాలేదు.

పరదా పక్కన కుర్చీ వేసుకుని అత్తగారు కూర్చుంది. వచ్చిన ప్రతివాళ్లకీ వరండా చుట్టం, పెరటి గుమ్మం చుట్టం కథ చెబుతోంది. కోడలి కంటే బాగా చెబుతోంది. మధ్యమధ్యలో పిన్నీసులు పెట్టిన పసుపు జేబుని చూసి నిట్టూరుస్తోంది, పెద్దాయనకి వినపడేలా.

పోటీ మొదలైంది. పెద్దాయన విజిల్ ఊదడం, చురుకైన పిల్లలు పరిగెత్తడం, జనం చప్పట్లు. ఆ తప్పు కార్డులు ఆవిడ తియ్యలేదు. అవి కూడా చకచకా "రెండు మ్యూయాన్లు" జేబులోకి వెళ్లిపోతుంటే ఒక్కోటి వెళ్లినప్పుడల్లా ఆవిడ చూపు పసుపు జేబు మీదకి పోయింది.

రెండో ఆట మొదలవబోతుండగా గుంపు పక్కకి జరిగింది. ముందు ఇస్త్రీ చొక్కాలో తాళాలాయన, వెనక ఆ పిల్ల. టీచరమ్మ కనుబొమ్మలు ముడిచింది. ఆ పిల్ల ఎవరినీ చూడలేదు. తిన్నగా పెద్దాయన దగ్గరకి నడిచి, గౌను జేబులోంచి కార్డు తీసి పట్టుకుంది.

"ఇది మీది సార్. మేడం తెచ్చివ్వమన్నారు."

పెద్దాయన నోట్లో విజిల్ ఉంది. ఆయన ఆ పిల్లని పోల్చుకున్నాడు.

ప్రశ్నలమ్మకి ఆ క్షణంలో పైవాళ్లు గుర్తొచ్చారు, వచ్చే ఏటి శనివారం గుర్తొచ్చింది. ఆ తర్వాత తన సగం నవ్వు గుర్తొచ్చింది. ఆవిడ పరదా దగ్గరకి వెళ్లి పిన్నీసు తీసింది. రెండోది బిగుసుకుపోయి వేలికి గుచ్చుకుంది. "తప్పుకో అమ్మాయ్, నీకు చేతకాదు," అని అత్తగారు కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపి ఒక్క లాగుతో తీసేసింది. పసుపు జేబు నోరు తెరుచుకుంది.

"ఒక్క నిమిషం," అంది ప్రశ్నలమ్మ. వేలు నోట్లో పెట్టుకోబోయి మానుకుంది. "గురువారం ఇదే హాల్లో ఈ అమ్మాయి ఈ కార్డు చూసి, ఏమిటో తెలియదు అంది. మేం నవ్వాం. నేను కూడా నవ్వాను. మా జవాబుల కాగితంలో ఉన్నదే నిజం అనుకున్నాం. మా కాగితమే తప్పు. తెలియదు అన్న ఒక్క మనిషే సరిగ్గా చెప్పింది."

పెద్దాయన వదిలిన ఊపిరికి నోట్లో ఉన్న విజిల్ సన్నగా కుయ్యిమంది. ఎక్కడో ఒక చంటిపిల్ల కిలకిలా నవ్వింది. దాంతో నలుగురు నవ్వారు. పెద్దాయన విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. ఆయన మొహం ఎర్రగా ఉంది. నిచ్చెన వంగి వంగి జనంలో దాక్కోవాలని చూశాడు కానీ ఆ ఎత్తుకి అది కుదిరే పని కాదు.

"ఏదీ," అన్నాడు పెద్దాయన చివరికి. కార్డు అందుకుని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. "స్కేలు ఉందా ఎవరి దగ్గరైనా?"

పిల్ల ఇచ్చింది.

ఆయన కార్డు బల్ల మీద పెట్టి, నడుం వంచి, స్కేలు ఆనించాడు. అయస్కాంతాలు కూర్చిన వేళ్లు అవి. వెంట్రుకవాసి తేడా కూడా ఆ వేళ్లకి తెలుస్తుంది. చాలాసేపు చూశాడు. జనం కూడా ముందుకి వంగి చూశారు.

"మధ్యలోంచి పోవడం లేదే," అన్నాడు తనలో తను.

"లేదు సార్," అంది పిల్ల.

"ఇక్కడ పుట్టిందే కాదు."

"కాదు సార్."

"అయితే నాలుగింట్లో ఎందులోనూ పట్టదు."

"పట్టదు సార్."

"మరి ఎక్కడ వెయ్యాలి?"

పిల్ల చెయ్యి ఎత్తి పసుపు జేబు చూపించింది. పెద్దాయన నిటారుగా నిలబడి, పరదా దాకా నడిచి, కార్డు అందులో వేశాడు. వేసి జనం వైపు తిరిగేసరికి ఆయన మొహం మీద ప్రశ్నలమ్మ ఎప్పుడూ చూడని నవ్వు ఉంది. జుట్టున్న రోజుల్లో ఆయన అలా నవ్వేవాడేమో.

"ఇది పైనుంచి ఊడిపడ్డ కణం అండీ. నా అయస్కాంతాలకి దీంతో పనే లేదు. ఇన్ని టన్నుల ఇనుము పెట్టి నేను ఆజ్ఞలు వేస్తుంటే, ఇది ఎవరినీ అడక్కుండా వచ్చి, పలకరించకుండా వెళ్లిపోయింది!" ఆయన పిల్ల వైపు తిరిగాడు. "అమ్మా, నిన్ను బస్సెక్కి రావాలా అని అడిగాను. రావాలి. నువ్వు తప్పకుండా రావాలి. నన్ను క్షమించు."

పిల్ల తండ్రి చెయ్యి పట్టుకుని తలూపింది. తాళాలాయన, కంట్లో ఇత్తడి పొడి పడ్డట్టు, కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత పోటీ సంగతి ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆ పసుపు జేబే కావాలి. ఎందులోనూ పట్టని కార్డు దొరుకుతుందేమో అని ముసలివాళ్లు, పిల్లలు, చురుకైనవాళ్లు, నాన్చేవాళ్లు బల్లలకి అడ్డంపడి వెతికారు. స్కేళ్లకి కరువొచ్చింది. ఒకాయన బెల్టు ఊడదీసి గీత కొలిచాడు. టీచరమ్మ చిన్న కుర్చీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఒక కార్డుని అరగంట నాన్చింది.

సాయంత్రానికి కళ్లజోడు పిల్ల ఇంకోటి పట్టింది. గీత మధ్య చుక్కలోంచే పుట్టింది, బాగానే నడిచింది, సగం దారిలో ఉన్నట్టుండి పక్కకి విరిగింది. నిచ్చెన చూసి చెవి గోక్కున్నాడు.

"దారిలో ఒక కణం ఇంకో కణంగా మారి ఉండొచ్చు. లేకపోతే దేన్నైనా తగిలి మళ్లి ఉండొచ్చు. ఈ ఒక్క బొమ్మ చూసి చెప్పడం కష్టం."

"అంటే మీకు తెలియదా?" అంది పిల్ల, కళ్లు పెద్దవి చేసి.

"తెలియదు."

"ఒట్టు?"

"ఒట్టు."

పిల్ల ఆనందం పట్టలేక గెంతింది. కార్డు తీసుకెళ్లి పెద్దాయనకి చూపించింది. ఇద్దరూ దాని మీద తలలు ఆనించి ఏదో వాదించుకున్నారు. వెళ్లే ముందు పిల్ల ప్రశ్నలమ్మ దగ్గరకొచ్చి, "వచ్చే ఏడు కూడా తెరుస్తారా మేడం?" అని అడిగింది. ఆవిడ పెద్దాయన వైపు చూసింది.

ఆయన సమాధానం అత్తగారికి చెప్పాడు. "అమ్మగారూ, వచ్చే ఏటికి పసుపు జేబు ఇంకాస్త పెద్దది కుట్టండి. ఇది చాలడం లేదు."

"గుడ్డ ఎవరిస్తారు?" అంది అత్తగారు.

జనం వెళ్లిపోయాక అత్తాకోడళ్లిద్దరూ కూర్చుని కార్డులు లెక్కపెట్టారు. ఒకటి తక్కువొచ్చింది. మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ ఒకటి తక్కువే. ఆ విరిగిన గీత కార్డు లేదు.

ప్రశ్నలమ్మ తలెత్తింది. పొడుగాటి వరండాలో పెద్దాయన బయటికి నడుస్తున్నాడు. ఒక దీపం కింద ఆగి, చొక్కా జేబులోంచి కార్డు తీసి చూశాడు. తల అడ్డంగా ఊపి, మళ్లీ జేబులో పెట్టుకుని నడిచాడు. తర్వాతి దీపం కిందకి రాగానే మళ్లీ ఆగాడు.

"ఏమిటే, ఇంకా ఒకటి తక్కువేనా?" అంది అత్తగారు.

"లెక్క సరిపోయింది అత్తయ్యా," అంది ప్రశ్నలమ్మ, పరదా మడతపెడుతూ.